పులి చారలు – నక్క వాతలు

పాఠ్యభాగ ఉద్దేశం

ఆటలపై అభిరుచి గల యువతీయువకులు ప్రసిద్ధ క్రీడాకారుల ప్రత్యేక విన్యాసాలను అనుకరించడం సర్వసాధారణం. ఆ అనుకరణ ఎప్పుడు విద్యగా పరిణమిస్తుంది, ఎప్పుడు వేషంగా మిగిలిపోతుంది అనే విషయాన్ని బాస్కెట్‌బాల్ క్రీడ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రచయిత ఏలూరులో ఇంటర్మీడియట్ చదివిన నాటి అనుభవం దీనికి ప్రాతిపదిక.

పాఠ్యభాగం

సాయంకాలం అయిదు గంటలు దాటి ఎండ చల్లబడిన తరువాత, ఏలూరు పట్టణంలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్న కళాశాల ఆవరణ దగ్గర కాసేపు నిలబడితే ఒక ముచ్చటైన దృశ్యం కంటబడుతుంది. పదిహేడేళ్ళ బాలుడొకడు బంతిని నేలకేసి కొడుతూ వస్తాడు. ఎదుట ప్రత్యర్థి ఎవరూ ఉండరు. అయినా ఎవరో అడ్డుపడినట్లు చటుక్కున ఆగి, రెండడుగులు వెనక్కి గెంతి, మూడు పాయింట్ల గీతకు బారెడు అవతల నుంచి బంతిని విసురుతాడు. విసిరిన మరుక్షణం, అది ఏమవుతుందో చూడకుండానే వెనుదిరిగి నడవసాగుతాడు. అమెరికా ఆటగాడు స్టీఫెన్ కర్రీ అప్పుడప్పుడూ అలా చేస్తాడు గనుక. కర్రీ వెనుదిరిగినప్పుడు బంతి వలలో పడుతుంది. మన బాలుడి బంతి రింగునైనా తాకకుండా ప్రహరీగోడ పక్కనున్న మురుగుకాలువలో పడుతుంది. దానిని తీసి కడగవలసినవాడు కూడా అతడే.

గట్టు మీద కూర్చున్న పెద్దలెవరైనా ఉంటే, “పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది” అంటారు. సామెత మనకందరికీ తెలిసినదే. పులి ఒంటి మీది చారల అందం చూసి మురిసిన నక్క, తానూ అలా కనబడాలని ఒళ్ళు కాల్చుకుందట. చారలు రాలేదు. పుండ్లు మాత్రం మిగిలాయి. తెలుగువారు అనుకరణను ఎద్దేవా చేయడానికి ఇంతకంటె పదునైన మాటను కనిపెట్టలేదు. నేనూ ఈ సామెతను చాలాకాలం పూర్తిగా నమ్మాను. ఇప్పుడు సగమే నమ్ముతాను. అది ఏ సగమో చెప్పాలంటే 1998వ సంవత్సరానికి వెళ్ళాలి.

అప్పుడు నేను ఏలూరులోని ఒక కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా హాస్టలు వీధి చివర ఒక టీ దుకాణం ఉండేది. దుకాణదారు కేబుల్ కనెక్షన్ పెట్టించాడు. అమెరికాలో రాత్రి జరిగే ఆటలు మనకు తెల్లవారుజామున వస్తాయి. కాబట్టి టీ తాగే నెపంతో మేము అయిదారుగురం అక్కడ చేరేవాళ్ళం. ఆ జూన్ నెలలోనే మైకేల్ జోర్డాన్ షికాగో బుల్స్ జట్టుకు ఆరవ ఛాంపియన్‌షిప్ సాధించిపెట్టాడు. యూటా జట్టుతో జరిగిన ఆఖరి ఆటలో 5.2 సెకన్లు మిగిలి ఉండగా అతడు వేసిన షాట్‌తో బుల్స్ 87–86 తేడాతో గెలిచింది. ఆ ఉదయం టీ దుకాణంలో చల్లారిపోయిన టీలు ఎన్నో లెక్కలేదు.

మాలో ఒకడు కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చినవాడు. మధ్యస్థమైన ఎత్తు, వెడల్పయిన భుజాలు. బడికి రావడానికి, వలలు చూసి రావడానికి చిన్ననాటి నుంచీ తాటిదోనె మీద నిలబడి గెడ వేసినవాడు. తాటిదోనె అంటే తాటిమానును తొలిచి చేసిన సన్నని పడవ. అలవాటు లేనివాడు అందులో నిలబడితే రెండో నిమిషంలో నీళ్ళలో ఉంటాడు. ఈ కొల్లేటి మిత్రుడికి జోర్డాన్ విన్యాసాలలో ఒకటి ప్రాణప్రదమైంది. బుట్టకు వీపు తిప్పి నిలబడి, ఒక్కసారిగా తిరిగి పైకి ఎగిరి, శరీరాన్ని వెనక్కి వాల్చుతూ గాలిలో ఉండగానే బంతిని విడవడం. దీనిని ఆటగాళ్ళు ఫేడ్ అవే అంటారు. మావాడు దీనిని నాలుగు నెలలు సాధన చేశాడు. జోర్డాన్ నాలుక బయటపెట్టి ఆడతాడని, అది కూడా నేర్చుకున్నాడు. రెండుసార్లు కొరుక్కున్నాడు.

జనవరిలో తాడేపల్లిగూడెంలో కళాశాలల మధ్య పోటీలు జరిగాయి. సెమీ ఫైనల్‌లో మేము ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నాం. ఆట ముగియడానికి పది సెకన్ల వ్యవధి ఉంది. బంతి మావాడి చేతిలో పడింది. అతడికీ బుట్టకూ మధ్య ఒక్కడే ఉన్నాడు. అతడు మావాడికంటె జానెడు పొట్టి. రెండడుగులు వేసి లే అప్ చేస్తే సరిపోయేది. కాని మావాడు వీపు తిప్పాడు, ఎగిరాడు, వెనక్కి వాలాడు. చూడడానికి అత్యద్భుతంగా ఉంది. గట్టు మీదివాళ్ళు ‘జోర్డాన్’ అని అరిచారు కూడా. బంతి రింగు ముందు అంచుకు తగిలి బయటికి వచ్చింది. మావాడు సిమెంటు నేల మీద కుడిచేతి మణికట్టు ఊతంగా పడ్డాడు. ఎముక చిట్లింది. ఆటా పోయింది, చెయ్యీ పోయింది.

రాత్రి ప్యాసింజరు రైలులో తిరిగి వస్తున్నాం. ఎవరూ మాట్లాడడం లేదు. పూళ్ళ దాటిన తరువాత, మా వ్యాయామ ఉపాధ్యాయులు, మేము పీడీ మాస్టారు అనేవాళ్ళం, మావాడి ఎదుటికి వచ్చి కూర్చున్నారు.

“ఏరా, జోర్డాన్ వెనక్కి ఎందుకు వాలతాడు?”

“అదే ఆయన స్టయిలండి మాస్టారూ.”

“స్టయిలు సంగతి తరవాత. ఎందుకు వాలతాడని అడుగుతున్నాను.”

మావాడి దగ్గర సమాధానం లేదు. నాలుగు నెలలు ఆ విన్యాసాన్ని చూసిన మా ఎవరి దగ్గరా లేదు. భీమడోలు వచ్చింది, పోయింది. దెందులూరు సమీపిస్తూండగా మాస్టారే చెప్పారు.

“ఎదుటివాడి చెయ్యి అందకుండా ఉండడానికిరా. నీ ఎదుట ఉన్నవాడి చెయ్యి నీకు ఎలాగూ అందదు. లేని చేతిని తప్పించుకోబోయి ఉన్న చెయ్యి విరగ్గొట్టుకున్నావు.”

ఆ మాట కఠినంగా అనిపించి ఆ రాత్రి మేము మాస్టారిని తిట్టుకున్నాం. కాని ఇన్నేళ్ళలో క్రీడల గురించి నేను చదివినదంతా ఆ ప్రశ్నకు వ్యాఖ్యానంలాగే కనబడింది. ఒక క్రీడాకారుడి పేరు చెప్పగానే స్ఫురించే విన్యాసాన్ని అతడి ముద్ర అనుకుందాం. ఆ ముద్ర అలంకారం కాదు, ఒక చిక్కుకు సమాధానం. తెర మీద మనకు సమాధానం కనబడుతుంది గాని, ప్రశ్న కనబడదు.

జోర్డాన్ సంగతే తీసుకోండి. యౌవనంలో అతడి బలం గాలిలోకి లేచి రింగు దాకా దూసుకుపోవడంలో ఉండేది. 1993లో ఆటను విడిచి, బేస్‌బాల్ ఆడి, 1995 మార్చిలో తిరిగి వచ్చేనాటికి అతడికి ముప్ఫై రెండేళ్ళు. మునుపటిలా ప్రతిసారీ ఎగరడం సాధ్యం కాదు. అతడిని ఆపడానికి ఒకరికి బదులు ఇద్దరు వచ్చి మీదపడేవారు. వయస్సు, ఎదుటివారి పొడవైన చేతులు అనే రెండు చిక్కులను ఒకేసారి విప్పడానికి అతడు వెనక్కి వాలే షాట్ మీద మునుపటికంటె ఎక్కువగా ఆధారపడ్డాడు. మా కొల్లేటి మిత్రుడికి పదహారేళ్ళు. అతడి మీద ఇద్దరు పడడం ఆ పోటీలలో ఒక్కసారి కూడా జరగలేదు.

ఇంతకంటె పాత ఉదాహరణ ఒకటి ఉంది. ఎగిరి బంతిని విసరడం నేడు ప్రతి పిల్లవాడికీ సహజమైన పనిగా కనబడుతుంది. తొలినాళ్ళలో ఇది లేదు. ఆటగాళ్ళు రెండు పాదాలూ నేల మీద ఆనించి, రెండు చేతులతో బంతిని విసిరేవారు. 1936 డిసెంబరులో న్యూయార్క్ నగరంలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం తరఫున హ్యాంక్ లూయిసెట్టి అనే విద్యార్థి పరుగెడుతూ ఒంటిచేత్తో షాట్లు వేసి, అప్పటికి వరుసగా 43 ఆటలు గెలిచిన లాంగ్ ఐలాండ్ జట్టును ఓడిస్తే, శిక్షకులలో కొందరు అది ఆటే కాదన్నారు. దాదాపు అదే కాలంలో వయోమింగ్ రాష్ట్రంలో ఒక పొలం దగ్గర కెన్నీ సెయిలర్స్ అనే బాలుడు తన అన్నతో ఆడుతుండేవాడు. గాలిమరకు బిగించిన రింగే వాళ్ళ బుట్ట. అన్న వయస్సులో పెద్ద, ఎత్తులోనూ చాలా పెద్ద. తమ్ముడు వేసిన ప్రతి బంతినీ చేత్తో కొట్టేసేవాడు. విసిగిపోయిన తమ్ముడు ఒకనాడు పైకి ఎగిరి, గాలిలోనుంచి బంతిని విడిచాడు. ఆ సెయిలర్స్ తరువాత 1943లో వయోమింగ్ విశ్వవిద్యాలయం జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఎగిరి వేసే షాట్‌ను ప్రచారంలోకి తెచ్చిన తొలి కొద్దిమందిలో ఒకడుగా పేరు పొందాడు. అన్న పొట్టివాడయి ఉంటే ఆ తమ్ముడికి ఎగరవలసిన అవసరం వచ్చేది కాదు.

కరీమ్ అబ్దుల్ జబ్బార్ ముద్ర మరొకటి. 218 సెంటీమీటర్ల ఎత్తు మనిషి, పక్కకు తిరిగి, ఒక చేతిని కొడవలి వంపులా తల మీదుగా తిప్పి బంతిని వదిలేవాడు. దానికి స్కై హుక్ అని పేరు. అతడు విశ్వవిద్యాలయంలో ఉండగా 1967లో అమెరికా కళాశాల క్రీడాసంఘం బంతిని రింగులోకి పైనుంచి గుద్దడాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1976 వరకు కొనసాగింది. అతి తేలికైన మార్గం మూసుకుపోవడంతో అతడు తన చేతివంపు షాట్‌ను మరింత నిశితం చేసుకున్నాడు. వృత్తి క్రీడలో 38,387 పాయింట్లు సాధించాడు. 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ అధిగమించేదాకా ఆ సంఖ్యే సర్వోన్నతం.

ఇక్కడ సామెతలోని రెండవ సగం తేలిపోతుంది. కరీమ్ ఆ షాట్‌ను శూన్యంలోనుంచి పుట్టించలేదు. చిన్నతనంలో జార్జ్ మైకన్ పేరు మీద ప్రసిద్ధమైన ఒక సాధనను అనుసరించి నేర్చుకున్నాడు. మైకన్ అంతకు ముందు తరం ఆటగాడు. 208 సెంటీమీటర్ల ఎత్తు, కళ్ళకు దళసరి అద్దాలు, తడబడే నడక. 1942లో అతడిని చేరదీసిన శిక్షకుడు రే మేయర్ బుట్టకింద నిలబెట్టి, కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి, బంతి నేలను తాకకుండా వందలకొద్దీ షాట్లు వేయించాడు. పాదాలలో చురుకు రావడానికి తాడాట ఆడించాడు, నృత్యం కూడా నేర్పించాడు. ఒక కళ్ళజోడు మనిషి కోసం ఏర్పడిన సాధన, మరొక మనిషికి చేరి, కొత్త ముద్రగా మారింది. పులి ఒంటి మీద చారలు పుట్టుకతో వస్తాయి. ఆటగాడి ఒంటి మీద అలా రావు. ఈ ఆటలో పులులన్నీ ఒకప్పుడు ఎవరినో చూసి వాతలు పెట్టుకున్నవే.

కోబీ బ్రయంట్ ఆటను జోర్డాన్ ఆట పక్కన పెట్టి చూసినవారికి పోలిక చెప్పనక్కరలేదు. ఆ విషయాన్ని కోబీ దాచుకోలేదు కూడా. అప్పటికే నాలుగు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన తరువాత, 2009 వేసవిలో, అతడు హకీమ్ ఒలాజువాన్ దగ్గరికి వెళ్ళి బుట్టకు వీపు తిప్పి ఆడే పాదవిన్యాసం నేర్చుకున్నాడు. ఆ ఒలాజువాన్ నైజీరియా దేశస్థుడు. బాస్కెట్‌బాల్‌కంటె ముందు ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడినవాడు. ఎదుటివాడు ఎటు కదలాలో తెలియక నిలబడిపోయేలా చేసే అతడి అడుగులు ఫుట్‌బాల్ మైదానంలో అలవడినవని అతడే చెప్పుకున్నాడు. యౌవనారంభం వరకు శరీరం వేరొక పనిలో నేర్చుకున్నది ఈ ఆటలో అతడి సొంత ఆస్తి అయింది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ కొల్లేటికి వెళ్ళినప్పుడు అవసరపడుతుంది.

అసలు మన ప్రాంతానికి ఈ ఆట రావడమే చేతి నుంచి చేతికి జరిగింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణాలయంలో పనిచేస్తున్న జేమ్స్ నైస్మిత్, చలికాలంలో లోపల ఆడుకునే ఆట కావాలని, పండ్లబుట్టలను పది అడుగుల ఎత్తున వేలాడదీసి దీనిని ప్రారంభించాడు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. ఏలూరు, తాడేపల్లిగూడెం అప్పట్లో మద్రాసు రాజధానిలోనివి. తెలుగు జిల్లాల నుంచి ఎందరో వ్యాయామోపాధ్యాయులు అక్కడ శిక్షణ పొంది వచ్చారు. వారు చేసి చూపితే పిల్లలు చూసి చేశారు. తెర లేని కాలంలో కూడా అనుకరణే మార్గం. తేడా అల్లా ఒక్కటే. ఎదుట నిలబడి చూపించే మనిషి, తప్పు చేస్తే మోచేయి పట్టుకొని సరిదిద్దేవాడు. చేతిలోని ఫోను ఆ పని చేయదు.

బాస్కెట్‌బాల్ ఆడనివారికి ఈ విషయం చెడుగుడు ద్వారా మరింత సులభంగా బోధపడుతుంది. 2014లో ప్రొ కబడ్డీ పోటీలు మొదలైన తరువాత మన పల్లెల బరులలో కొత్త మాటలు వినబడసాగాయి. వాటిలో ‘డుబ్కీ’ ఒకటి. హర్యానాకు చెందిన ప్రదీప్ నర్వాల్ పేరు ఈ విన్యాసంతో విడదీయరానిది. కూతకు వెళ్ళినవాడిని నలుగురైదుగురు చేతులు పట్టుకొని గొలుసులా చుట్టుముడతారు. అతడు ఒక్కసారిగా తల మోకాళ్ళ దాకా వంచి, ఆ చేతుల కిందనుంచి మునిగి గీత వైపు తేలతాడు. డుబ్కీ అంటే మునక అనే అర్థం. 2017లో ఒక్క పోటీకాలంలోనే నర్వాల్ కూతలలో 369 పాయింట్లు సంపాదించాడు.

సంక్రాంతి చెడుగుడులో కుర్రవాళ్ళు దీనిని ప్రయోగించడం నేను చూశాను. గొలుసు లేకుండా ఒక్కడే ఎదురుగా ఉన్నప్పుడు కూడా మునుగుతారు. గొలుసు కట్టినవారు నిటారుగా నిలబడి ఉంటేనే కింద ఖాళీ ఉంటుంది. వారు ముందే వంగి ఉంటే మునిగినవాడి మెడ నేరుగా వారి మోకాలికి తగులుతుంది. నర్వాల్ మునగడానికి ముందు వారి మోకాళ్ళను చూస్తాడు. మన కుర్రవాళ్ళు నర్వాల్‌ను చూస్తారు. పాత చెడుగుడు ఆటగాళ్ళు కూడా చేతుల కిందనుంచి దూరినవారే. దానికి పేరు మాత్రం లేదు. పేరు రాగానే అది అవసరాన్ని బట్టి చేసే పనిగా కాక, చేసి తీరవలసిన ఘనకార్యంగా మారింది.

నాటకాల వారికీ ఈ అనుభవం ఉంది. కల్యాణం రఘురామయ్య నోట వేలుంచుకొని ఈల మీద పద్యరాగం పలికించి ఈలపాట రఘురామయ్య అయ్యారు. ఆ తరువాత ఆ వేలు పెట్టుకున్నవారు ఎందరో. ఈల వచ్చినవారు తక్కువ. రాగం వచ్చినవారు ఇంకా తక్కువ.

తిరిగి కర్రీ దగ్గరికి వద్దాం. ఎందుకంటే నేటి పిల్లలకు జోర్డాన్ తాతల కాలం వాడు. 2015–16 పోటీకాలంలో కర్రీ 402 మూడు పాయింట్ల షాట్లు వేశాడు. అంతకు ముందు ఎవరూ మూడు వందలు కూడా దాటలేదు. అతడి ఎత్తు 188 సెంటీమీటర్లు. మన లెక్కన పొడగరి, వాళ్ళ లెక్కన పొట్టివాడు. బుట్ట దగ్గర ఆ మహాకాయుల మధ్య అతడికి చోటు లేదు కనుక దూరం అతడికి రక్షణ. ఇదీ అతడి ప్రశ్న. సమాధానం ఎలా దొరికిందో తెర మీద కనబడదు. ఉన్నత పాఠశాలలో చదివే రోజుల్లో అతడు బంతిని నడుము దగ్గర నుంచి విసిరేవాడు. తండ్రి డెల్ కర్రీ తానూ వృత్తి క్రీడాకారుడే. ఈ విధంగా వేస్తే పెద్ద ఆటలో ప్రతి బంతినీ అడ్డుకుంటారని చెప్పి, ఒక వేసవిలో కొడుకు షాట్‌ను పూర్తిగా విప్పి, తల పైనుంచి విడిచేటట్లు మళ్ళీ కట్టించాడు. కొన్ని వారాల పాటు ఆ కుర్రవాడు బుట్టకు దగ్గరగా తప్ప ఎక్కడి నుంచీ వేయలేకపోయాడు. ఏడుపు వచ్చిన వేసవి అది. అనుకరించదలచినవారు ఆ వేసవిని అనుకరిస్తే నాకేమీ అభ్యంతరం లేదు.

మన కోర్టులలో మూడు పాయింట్ల గీత బుట్టకు 6.75 మీటర్ల దూరంలో ఉంటుంది. అంతర్జాతీయ నియమం 2010 నుంచి అదే. కండరం ఇంకా ముదరని పిల్లవాడు అంత దూరం నుంచి వేయాలంటే మణికట్టు చాలదు. భుజం ఊపుతాడు, నడుము తిప్పుతాడు, మోచేయి బయటికి పోతుంది. ఒకటి రెండు బంతులు పడతాయి కూడా. అదే ప్రమాదం, ఎందుకంటే పడిన బంతి తప్పు భంగిమను ఖాయం చేస్తుంది. పై పెచ్చు వృత్తి ఆటగాళ్ళు గెంతేది మేపుల్ చెక్క నేల మీద. అది కొంత ఒదుగుతుంది. మనది సిమెంటు. వేగంగా వచ్చి ఆగి వెనక్కి గెంతిన ప్రతిసారీ ఆ లెక్క మోకాలు చెల్లించాలి. ఆడపిల్లల విషయంలో మరొక పొరపాటు జరుగుతుంటుంది. వారి ఆటకు నిర్ణయించినది 6వ నంబరు బంతి. ఉన్నది ఒకటే కదా అని మగపిల్లల 7వ నంబరు బంతితో సాధన చేయిస్తారు. చేతిలో ఇమడని బంతితో ఎవరి విద్యా పట్టుబడదు.

ఇక మా కొల్లేటి మిత్రుడి సంగతి మిగిలింది. కుడిచేతికి ఆరు వారాలు కట్టు కట్టారు. కోర్టుకు రావద్దన్నా వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. ఒకనాడు పీడీ మాస్టారు అతడి ఒళ్ళో బంతి పడేసి, “ఎడమచెయ్యి ఊరికే ఉందిగా. బుట్టకింద నిలబడి వెయ్యి. నేను ఆపమనేదాకా ఆపకు” అన్నారు. అది మైకన్ సాధనలో సగభాగమని మాకు తరువాత ఎప్పటికో తెలిసింది. అందరమూ నవ్వుదామని చూశాం. కుడిచేతివాటం మనిషి ఎడమచేత్తో బంతి వేస్తే ఎలా ఉంటుందో తెలుసు కదా. కాని మావాడి ఎడమచెయ్యి తడబడలేదు. మాస్టారు కూడా ఆశ్చర్యపడి అడిగారు.

“దోనె ఎప్పుడూ ఒక పక్కే గెడ వేస్తే గుండ్రంగా తిరుగుతుందండి మాస్టారూ. అటు నాలుగు వేస్తే ఇటు నాలుగు వెయ్యాలి” అన్నాడు.

అంతవరకు ఆ సంగతి ఆటకు సంబంధించినదని అతడికే తోచలేదు. నిలకడ లేని దోనెలో పాదాలు మోపి పన్నెండేళ్ళు నేర్చుకున్న తూకం, రెండు చేతుల సమానబలం జోర్డాన్‌కు లేని ఆస్తి. దానిని పెట్టెలో పెట్టి తాళం వేసి, జోర్డాన్ ఆస్తిని అరువు తెచ్చుకోబోయాడు. కట్టు విప్పిన తరువాత కుడిచేత్తోనూ అదే సాధన చేశాడు. ప్రతి సాయంకాలం పావుగంట, బుట్టకింద, బంతి నేలను తాకకుండా. విసుగు పుట్టించే సాధన అది. చూడడానికి ఎవరూ ఆగరు. నాలుక బయటపెట్టే అవకాశం అసలే లేదు.

మరుసటి సంవత్సరం పోటీలలో మా ప్రత్యర్థులు అలవాటు కొద్దీ అతడి కుడివైపు కాపు కాసేవారు. అతడు ఎడమవైపు నుంచి రెండడుగులలో వెళ్ళి బంతిని బోర్డుకు ఆనించి వచ్చేవాడు. అందులో చప్పట్లు కొట్టడానికి ఏమీ లేదు. పాయింట్లు మాత్రం ఉన్నాయి. అయితే ఫేడ్ అవే పూర్తిగా మానలేదు. నిజంగా పొడగరి ఎదురైనప్పుడు, అదీ బుట్టకు దగ్గరగా, ఆటకు ఒకసారో రెండుసార్లో వాలేవాడు. ఆ పని చేసిన ప్రతిసారీ మాస్టారి వైపు చూసేవాడు. మాస్టారు తల ఊపేవారు, లేదా ఊపేవారు కారు.

ఆ ఏడాది చివరికి హాస్టలులో జూనియర్లు కొందరు ఎడమచేత్తో బంతి వేయడం మొదలుపెట్టారు. దానికి ‘కొల్లేటి చెయ్యి’ అని పేరు కూడా పెట్టారు. వేసిన బంతులలో బోర్డును తాకినవి కొన్ని, మా తలలను తాకినవి కొన్ని. వారిలో ఒకడు, బక్కపలుచనివాడు, ధైర్యం చేసి, “అన్నా, ఇది రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?” అని అడిగాడు.

“పండగకు మా ఊరు రా. దోనె ఇస్తాను” అన్నాడు మావాడు.

వాడు నిజంగానే వెళ్ళాడు. సంక్రాంతి సెలవుల తరువాత తిరిగి వచ్చి, మొదటిరోజు మూడుసార్లు నీళ్ళలో పడ్డాననీ, నాలుగోరోజు ఒక్కసారే పడ్డాననీ అందరికీ చెప్పుకున్నాడు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. “ముద్ర అలంకారం కాదు, ఒక చిక్కుకు సమాధానం” అనే రచయిత అభిప్రాయాన్ని పాఠంలోని రెండు ఉదాహరణలతో వివరించండి.
2. ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు’ అనే సామెతను రచయిత సగమే నమ్ముతానన్నాడు. మీరు ఏకీభవిస్తారా? కారణాలు రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు అయిదారు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. రైలులో పీడీ మాస్టారు వేసిన ప్రశ్న ఏది? దానికి ఆయనే చెప్పిన సమాధానం ఏమిటి?
2. డుబ్కీ విన్యాసం ఏ పరిస్థితిలో ఫలిస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది?
3. స్టీఫెన్ కర్రీ తండ్రి కుమారుడి షాట్‌ను ఎందుకు మార్పించాడు?

ఇ) కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి: యౌవనారంభం, అత్యద్భుతం, సర్వోన్నతం, వ్యాయామోపాధ్యాయులు.

ఈ) మీ ఊరిలో ఏదైనా ఆటలోగాని, పాటలోగాని, పనిలోగాని ఒకరిని చూసి మరొకరు నేర్చుకున్న విద్యను గురించి ఒక పుట మించకుండా రాయండి.